రోమా సైనికుల వెనకాల అవ్వ వెతికిన మనిషి

మొన్న చేవెళ్ల నుంచి వస్తుంటే మొయినాబాద్ దాటగానే కొత్త ఫంక్షన్ హాలు కనిపించింది. గేటుకు అటొకడు, ఇటొకడు సిమెంటు రోమా సైనికులు. ఇనుప టోపీ, దాని మీద ఎర్ర కుచ్చు, చేతిలో ఈటె. ఏ పెళ్లికొడుకును పట్టుకుపోవడానికి నిలబడ్డారోగానీ, కారులో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. నవ్వు ఆగేసరికి అవ్వ గుర్తొచ్చింది.

అవ్వంటే మా బాపు వాళ్లమ్మ. చదువు రాదు. నా చిన్నప్పుడు బాపు పట్నంలో పాత పుస్తకాల బండి దగ్గర ఇంగ్లిష్ బొమ్మల కథలు కొనుక్కొచ్చేవాడు. గాడిదలు కాసేవాడొకడు రోమా దండును దారి తప్పించి బురదలో దింపే కథలవి. సాయంత్రం అవ్వ మర్నాటి అంగడికి కొత్తిమీర కట్టలు కడుతుంటే నేను తెలుగులో చెప్పేదాన్ని. నాకూ ఇంగ్లిష్ అంతంత మాత్రమే కాబట్టి సగం కథ నాదే. మాది చర్చికి వెళ్లే ఇల్లు. రోమా సైనికులంటే అవ్వకు తెలిసింది ఒక్కటే, ప్రభువును సిలువ వేసినవాళ్లు. అందుకే ప్రతి పేజీలోనూ ఆయన కోసం వెతికేది. ఇది వేరే కథ అంటే వినేది కాదు. “రోమోళ్లున్న కాడ ప్రభువు లేకుంట ఎట్లుంటడు బిడ్డా? జర మంచిగ చూడు,” అనేది. చివరికి ఒక బొమ్మలో, బురదలో కూరుకుపోయిన దండు వెనకాల, గడ్డం మనిషి ఒకడు కనిపించాడు. అవ్వ కొత్తిమీర వదిలేసి తడి వేలు ఆయన మీద పెట్టింది. “గిదో, గీయననే. ఎంత మంచిగ నవ్వుతున్నడో!” ఆ పేజీ మీద మరక అలాగే ఉండిపోయింది.

ఆ ఏడు చర్చిలో గుడ్ ఫ్రైడే నాటకంలో మా చిన్నాన్న రోమా సైనికుడు. తల మీద అల్యూమినియం గిన్నె, దానికి చీపురు పుల్లల కుచ్చు. కొరడా ఎత్తగానే గిన్నె జారి ముక్కు మీదికి దిగింది. ఏటా కొంగు తడిసేలా ఏడ్చే అవ్వ గట్టిగా నవ్వేసింది. చర్చి అంతా వెనక్కి తిరిగింది. పాస్టరు గారి ముఖం చూసి నేను అవ్వ చెయ్యి పట్టి లాగాను. ఇంటికొస్తూ, అలా నవ్వడం తప్పు కాదా అని అడిగాను.

“ఏటా ఏడుస్తనే ఉన్న బిడ్డా, ఆయనకు ఎంత నొప్పో అని. గా బొమ్మల ఆయన నవ్వుడు చూసిన. ఇంక నాకు ఫికర్ లేదు,” అంది.

ఆ పుస్తకాలు చెదల పాలయ్యాయి. అవ్వ పోయి కూడా చాలా ఏళ్లైంది. ఫంక్షన్ హాలు ముందు కారు ఆపి ఆ సైనికుల వెనకాల చూశాను. కుర్చీలో గడ్డం పెరిగిన వాచ్‌మన్ ఒకాయన ఫోన్ చూసుకుంటూ నవ్వుతున్నాడు. “గిదో,” అన్నాను పైకే. వెతికే అలవాటును కాలం నాకు మిగిల్చింది, దొరికితే చూపించడానికి అవ్వను మాత్రం ఉంచలేదు.