మా ఆయన్ని వెతుక్కుంటూ బెజవాడ వెళ్ళాను

చనిపోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ బెజవాడ బస్సెక్కిన ఆడదాన్ని మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు. నా మాటలకు సున్నం కొట్టొద్దని ముందే ఒప్పందం చేసుకున్నాను.

సంగతేమిటంటే, మా ఆయన ఏసోబు పడుచుతనంలో ధాన్యం లారీల మీద హమాలీగా బెజవాడ వెళ్ళేవాడు. మా పెళ్ళయిన ఏడాది అక్కడ హమాలీల నాయకుణ్ణి మీటింగులో ఎవరో కాల్చి చంపారు. మా ఆయన అక్కడే ఉన్నాడట. ఉండడమే కాదు, ఆ పెద్దమనిషి పడిపోతుంటే రెండు చేతులా పట్టుకున్నాడట. ఇంటికొచ్చి చొక్కా మీద మరక చూపించి, "ఇది ఆయన రక్తమే" అన్నాడు. బతికినన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో, చావుల్లో, క్రిస్మస్ భోజనాల్లో అదే కథ. ఊళ్ళో వాళ్ళు "సాక్షి ఏసోబు" అని పేరు పెట్టారు. నమ్మి కాదు, ఏడిపించడానికి.

ఆ చొక్కా ఉతికింది నేను. సబ్బు రాయగానే మరక ఇంకా ఎర్రబడింది. సబ్బు తగిలితే ఎర్రబడేది రక్తం కాదు, పసుపు. ఏ ఆడదానికైనా తెలుసు. కానీ కొత్త కాపురం, మొగుడేమో కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబుతున్నాడు, ఊరుకున్నాను. ఊరుకున్నానన్నమాటే గాని, నేను కాపురం చేసింది నిజాయితీ గల మనిషితోనా, కోతలరాయుడితోనా అన్న అనుమానం ఆయన పోయాక కూడా నన్ను వదల్లేదు.

మొన్న మా మరిది దావీదు ఫోను పట్టుకుని వచ్చాడు. ఆ హత్య జరిగిన రోజు తీసిన ఫిల్ము ఏదో పాత స్టూడియోలో దొరికిందట. లెక్చరరు గారొకాయన దాన్ని బాగుచేయించి, అందులో ఉన్న జనాన్ని గుర్తుపట్టగలిగిన వాళ్ళని శనివారం గవర్నర్‌పేట రమ్మన్నారట.

"వెళ్ళి తేల్చుకురా ఒదినా. అన్నయ్య గనక నాయకుడి పక్కన ఉంటే నేను ఊరి మధ్యలో గుండు కొట్టించుకుంటా" అన్నాడు.

"నీకు కొట్టడానికి ఏముందిరా అక్కడ?" అన్నాను.

శనివారం పొద్దున ఏడింటికి మోపిదేవిలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్. మీరూ వెళ్ళేటట్టయితే కార్డు మాత్రం మరవకండి. బస్సు నిండా ఆడవాళ్ళమే. చల్లపల్లిలో ఎక్కిన పెద్దాయన కడ్డీ పట్టుకుని వేలాడుతూ, "డబ్బులిచ్చినోళ్ళం నిలబడ్డాం, సున్నాలన్నీ కూర్చున్నాయి" అన్నాడు.

"ఇన్నాళ్ళూ కూర్చున్నారుగా బాబాయ్, కాళ్ళు సాగుతాయిలే" అంది వెనక నుంచి ఒకామె.

నా పక్క సీటు పిల్ల మర్యాదగా అడిగింది. "ఎక్కడిదాకా అండీ?"

"బెజవాడ. మా ఆయన్ని చూడ్డానికి."

"ఆసుపత్రిలో ఉన్నారా?"

"లేదమ్మా, ఫిల్ములో. పోయి చానాళ్ళయింది."

పామర్రులో సీటు ఖాళీ కాగానే ఆ పిల్ల ముందుకు వెళ్ళి కూర్చుంది. మంచిదే అయింది, నాకు కిటికీ వచ్చింది. నాట్లు అయిపోయిన చేలు చూసుకుంటూ, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. ఉయ్యూరు దాటాక కునుకు పట్టింది. పటమట ట్రాఫిక్కులో హారన్ల మోతకి మెలకువొచ్చింది. అక్కడ ఆగినంతసేపట్లో మా ఊళ్ళో ఎకరం కలుపు తీయొచ్చు.

పదింటికి బస్టాండులో దిగి షేర్ ఆటోలో గవర్నర్‌పేట చేరాను. బోర్డులు చదవలేను గనక కనిపించిన ప్రతి కొట్టు ముందూ ఆగి అడిగాను. ఒక లాడ్జి మీద మేడపైన హాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ మెట్లకు ముందే దణ్ణం పెట్టుకోండి.

పాతికమంది దాకా వచ్చారు. లెక్చరరు గారు కిటికీలు మూయించి ఫిల్ము వేశారు. మాటల్లేవు, రంగుల్లేవు. జనం, జెండాలు, చేయెత్తి మాట్లాడుతున్న నాయకుడు. ఉన్నట్టుండి జనం చెదిరిపోయారు. ఆయన ఒరిగిపోతుంటే తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు ముందుకురికి రెండు చేతులా పట్టుకున్నాడు. మొహం సగమే కనపడింది. అంతే, అయిపోయింది. ఎవరి బిడ్డో గాని అంత మనిషి అంత తేలిగ్గా పడిపోయాడు.

కిటికీలు తెరవగానే అందరూ ఒకేసారి మాట్లాడారు. నేను లేచి, "ఆ తువ్వాలు మనిషి మా ఆయనండీ" అన్నాను.

ముందు వరసలో నుంచి ఒకావిడ ఇటు తిరిగింది. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిందట, పేరు సరోజిని. "మీరు పొరపాటు పడ్డారండీ. ఆయన మా వారు."

"మీ వారెట్లా అవుతారండీ? ఆ భుజాలు చూడండి, బస్తాలు మోసిన భుజాలు."

"మా వారు మాత్రం పూలు మోశారా? కరెంటు ప్లాంటులో చేరకముందు ఆయనా హమాలీయేనండి."

"మా ఆయన ముక్కు అదే."

"మీ ఆయన ముక్కు ఫిల్ములో ఎక్కడ కనపడిందండీ? చెవి కదా కనపడింది. అది మా ఇంటి చెవి. మా పెద్దాడికీ అదే చెవి."

వెనక ఎవరో నవ్వారు. ఒక మొగుడి కోసం ఇద్దరు విధవరాళ్ళం కొట్టుకుంటుంటే నవ్వరా మరి? లెక్చరరు గారు చేతులు జోడించి, "అమ్మా, నెమ్మదిగా ఇంకోసారి వేస్తాను. ఇద్దరూ చూసి చెప్పండి. పేరు రాశామంటే అదే ఖాయం అవుతుంది" అన్నారు.

ఈసారి బొమ్మ నత్తలా కదిలింది. చెవి చూద్దామనే కూర్చున్నాను. కానీ నా కన్ను జారి తెర కుడి మూలకు పోయింది. అక్కడ పునుగుల బండి. దాని ముందు ఒక మనిషి నాయకుడికి వీపు పెట్టి, ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క గోక్కుంటూ తింటున్నాడు. చేలో కొంగ నిలబడినట్టు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ మనిషి మా వంటింటి గుమ్మంలో అట్లాగే నిలబడి తిన్నాడు. కూర్చోవయ్యా అని చెప్పి చెప్పి విసిగిపోయాను.

"మాస్టారూ, అక్కడ ఆపండి" అన్నాను.

ఆయన ఆపి మళ్ళీ కదిలించారు. తుపాకీ పేలినట్టుంది, ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. ఆకులో బొంబాయి చట్నీ అంతా చొక్కా మీద పడింది. శనగపిండి, పసుపు. అదే, నేను ఉతికిన మరక.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దొంగ సచ్చినోడు, నాయకుణ్ణి చూడనైనా చూడలేదు.

కానీ ఫిల్ము అక్కడితో అయిపోలేదు. పరుగెత్తే జనం బండిని గుద్దారు. బండి పక్కకు ఒరిగింది. దాని వెనక నేల మీద కూర్చుని పిండి కలుపుతున్న ముసలామె, పైన కాగుతున్న నూనె బాణలి. మా ఆయన బండికి భుజం అడ్డం పెట్టాడు. జనం అంతా దాటిపోయేదాకా కదల్లేదు. ముసలామెను లేపి పక్కకు పంపాడు. ఆ తర్వాత ఆకులో మిగిలిన పునుగు నోట్లో వేసుకున్నాడు.

ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చేయనిది ఊరంతా చెప్పుకున్నాడు, చేసింది మరిచేపోయాడు. చెప్పుకోదగ్గ పనని తోచలేదేమో పిచ్చిమారాజుకి.

"మా ఆయన ఆ మూలనున్న మనిషండీ. ఏసోబు అని రాసుకోండి" అన్నాను.

కిందికి దిగేటప్పుడు సరోజినిగారు నా చెయ్యి పట్టుకుని, "మీరు అదృష్టవంతులండీ, ఆనవాలు దొరికింది. నాకు ఆ చెవి తప్ప ఏమీ లేదు" అంది నెమ్మదిగా.

"ఆ చెవి మీ వారిదేలెండి" అన్నాను. నాకేం పోయింది?

ఇద్దరం పక్క వీధి మెస్సులో భోజనం చేశాం. పప్పు బాగుంది, గోంగూర ఇంకా బాగుంది. వాళ్ళాయన గురక గురించి ఆవిడ చెబితే మా ఆయన కోతల గురించి నేను చెప్పాను.

లెక్చరరు గారు ఆ ముక్కను నా ఫోనులో వేయించారు. మూడింటి బస్సుకి కిటికీ పక్క సీటే దొరికింది. కంకిపాడు దాటుతుండగా దావీదు ఫోను చేశాడు.

"ఏమైంది ఒదినా? అన్నయ్య నాయకుణ్ణి పట్టుకున్నాడా?"

"లేదురా. పునుగుల బండిని పట్టుకున్నాడు."

అవతల చాలాసేపు నవ్వాడు. "అంటే ఇన్నేళ్ళూ కోతలేగా?"

"కోతలే. రాత్రికి ఇంటికి రా, చూద్దువుగాని. చూశాక మాట్లాడు."

ఇన్నేళ్ళలో బెజవాడ నుంచి వట్టి చేతులతో, ఇంత తేలిగ్గా ఎప్పుడూ తిరిగి రాలేదు. ఫోను తీసి మళ్ళీ చూసుకుంటుంటే పక్కనున్నామె తొంగి చూసి, "అయ్యో, ఎవరండీ ఆయన, పాపం పడిపోతున్నారు?" అంది.

"ఆయన పెద్దాయనమ్మా, ఆయన్ని లోకమంతా చూస్తుంది" అని వేలు పెట్టి చూపించాను. "నువ్వు ఇటు, ఈ మూలకి చూడు."