వెనక సీటు చూపు

ఎనిమిదో తరగతిలోనే నాకు కళ్లద్దాలొచ్చాయి. "అప్పుడే సోడాబుడ్డి ఏంటే నీకు?" అని నాన్న నెల్లాళ్లు ఏడిపించారు. అందుకే, కొన్నాళ్లకి ఆయనకి చత్వారం వచ్చి, పేపరుని చెయ్యి చాచి పట్టుకుని తల వెనక్కి లాక్కుని చదువుతుంటే నాకు భలే సరదాగా ఉండేది.

నాకూ చత్వారం వచ్చేసరికి నాన్నకి శుక్లాలొచ్చాయి. ఇక సరదా ఏముంది! ఆపరేషన్ చేయించుకో, లేదా స్కూటర్ మానెయ్ అన్నాను. రెండూ కుదరవన్నారు. కంటి దగ్గరికి కత్తి రానివ్వరు. కాలవగట్టు మీద తణుకు వెళ్లిరావడానికి స్కూటరే కావాలి.

"మీ అమ్మ వెనకాల కూర్చుని చూసి చెప్తుంది కదే. నీకెందుకు బెంగ?"

నిజంగానే చెప్పేది. "ఏవండీ, గేదెలు." "ఏవండీ, చెరుకు ట్రాక్టరు, పక్కకి తీయండి." ఏ భుజం తడితే ఆ వైపుకి తిప్పాలి. ఊరంతా నవ్వేది. వాళ్లు ఇల్లు చేరేదాకా నా గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి.

చివరికి పోట్లాడి, ఇద్దరినీ కారెక్కించి రాజమండ్రిలో కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. గోడ మీది అక్షరాల్లో పై రెండు వరసలూ చదివి నాన్న మీసం తిప్పారు. ఊరికే కూర్చున్న అమ్మని చూసి డాక్టరుగారు, "మీరూ రండమ్మా, ఓసారి చూసేద్దాం" అన్నారు.

"ఎక్కడండీ అక్షరాలు?" అంది అమ్మ.

ఆవిడ శుక్లాలు నాన్నవాటికంటే బాగా ముదిరిపోయాయట. నాన్న గిర్రున అమ్మ వైపు తిరిగారు.

"మరి గేదెలని ఎలా చెప్పేదానివి?"

"వాసనొచ్చేది కదండీ."

"ట్రాక్టరో?"

"చప్పుడు."

"ఓసి నీ దుంపతెగ! భుజం ఎందుకు తట్టేదానివే?"

"టైరు కింద గడ్డి నలిగితే, కాలవ వైపుకి పోతున్నారని."

నాకు ఒళ్లు మండింది. "ఏంటమ్మా ఇది! కాలవలో పడితే?" అని అరిచాను.

"నాకు కనపడట్లేదంటే ఈయన నన్ను దించేసి ఒక్కరే వెళ్లిపోతారు. పడితే ఇద్దరం పడతాం" అంది అమ్మ, పమిట సర్దుకుంటూ. ఇంకా తిడదామనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది.

కత్తంటే ఆమడ దూరం పరిగెత్తే నాన్న, "ముందు ఆవిడకి చేయండి, వెంటనే నాకు" అన్నారు.

నల్లద్దాలూ, చుక్కల మందూ అయ్యాక మళ్లీ స్కూటర్ తీశారు. అమ్మ వెనక ఎక్కింది. మా గుమ్మం ముందే గట్టు. నేను చూస్తూ నిలబడ్డాను. పట్టుమని పది గజాలు వెళ్లారో లేదో, "అమ్మో! ఆపండి, ఆపండి! కాలవ ఇంత దగ్గరా! ఇన్నాళ్లూ ఇంత జోరుగా తోలేవారా?" అని కేక. స్కూటర్ దిగి, వెనకాల వస్తున్న షేర్ ఆటో ఎక్కేసింది.

నాన్న ఒక్కరే కాస్త దూరం వెళ్లి, తిరిగొచ్చేశారు.

"ఏమైంది నాన్నా? కనపడట్లేదా?"

"శుభ్రంగా కనపడుతోందే. వెనకాల చెప్పే మనిషి లేకపోతే తోలబుద్ధి కావట్లేదు" అని తాళాలు నా చేతిలో పెట్టి, గట్టు మీదికెళ్లి తర్వాతి ఆటోకి చెయ్యెత్తారు.