అమ్మ బీడీ బుట్టలో దాచుకున్న జిజో

మా చిన్నప్పుడు... సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో, చాట ఒళ్లో పెట్టుకుని అమ్మ బీడీలు చుడుతుంటే రైక ముందు భాగం తడిసిపోతుండేది. పాలు... తాగే బిడ్డ లేడు. నా తమ్ముడు పుట్టిన మూడో రోజే పోయాడు.

పేరు పెట్టలేదు. ఏ తంతూ లేదు. అమ్మకు ఏడుపొస్తే నాయనమ్మ ఆపేసేది. "ఏడ్వకు... మల్ల పుట్టేటోనికి మంచిది గాదు." అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఆకు కత్తిరించుకునేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఆ రోజుల్లోనే బాపు పనిచేసే మగ్గాల షెడ్డుకు చద్దర్ దుప్పట్ల నేత చూడ్డానికి ఒక జపానామె వచ్చింది. నడివయసు మనిషి, కొద్దిగా హిందీ వచ్చు. బాపు చాయ్‌కి ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె అమ్మ తడిసిన రైక చూసింది. మర్నాడు ఒక్కతే వచ్చి, చిన్న రాతిబొమ్మ ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. గుండు, మూసిన కళ్లు, పసివాడి నవ్వు.

"జిజో" అంది.

వాళ్ల దేశంలో ఈ దేవుడు వీధి మలుపుల్లో, బస్టాపుల పక్కన కూడా ఉంటాడట. చలికాలం ఎవరో ఒకరు ఊలు టోపీ తొడుగుతారట. బతకని పిల్లలు పైలోకానికి దాటే ఏటి ఒడ్డున ఒంటరిగా ఏడుస్తుంటే తన అంగీలో దాచుకుని దాటిస్తాడట. బిడ్డలు పోయిన తల్లులు ఆయన మెడకు ఎర్రగుడ్డ కడతారట. తనూ కట్టిందట...

అమ్మ అడిగింది. "నామ్ నహీ రఖా... ఓ బచ్చేకో భీ లేగా?"

పేరు పెట్టని బిడ్డను కూడా తీసుకుంటాడా అని.

"పహ్లే ఉసీకో" అందామె. ముందు వాణ్నే.

అమ్మ ఆ రోజు గొంతెత్తి ఏడ్చింది.

చిరిగిన చద్దర్ అంచు కత్తిరించి జిజో మెడకు కట్టింది. బీడీ ఆకుల బుట్టలో అడుగున దాచుకుంది. కొన్నాళ్లకు అమ్మ మళ్లీ నెల తప్పింది.

ఒకరోజు ఆ బొమ్మ నాయనమ్మ కంట పడింది. "ఏందే ఇది?"

"సచ్చిపోయిన పిల్లల దేవుడు నాయనమ్మా... తమ్ముడు ఆయన దగ్గర్నే ఉన్నడు!" గొప్పగా చెప్పాను... నేనే చెప్పాను.

"కడుపుతోటి ఉన్నదాని ఇంట్ల సచ్చినోళ్ల దేవుడా!"

అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు, నాయనమ్మ మాట మీద బాపు దాన్ని తీసుకెళ్లి చెరువులో వేసి వచ్చాడు.

అమ్మ వచ్చి బుట్టంతా వెతికింది. "ఏడున్నడే?" అని నన్నడిగింది.

"నాకెర్కలేదు" అన్నాను.

ఆరో నెలలో ఆ కడుపూ పోయింది. దవాఖానలో అమ్మ బాపును ఒక్కటే అడిగింది. "గీన్ని ఎవరు దాటిస్తరు?"

బాపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అమ్మ పోయి ఆరేళ్లు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే జిజోలు... తాళంచెవుల గొలుసులకు, పిల్లల బొమ్మల్లో, వానలో ఎవరో గొడుగు పట్టిన వీధి మూలన. చూపిద్దామంటే అమ్మ లేదు. ఆ రోజు నాయనమ్మకు చెప్పింది నేనేనని కూడా ఆమెకు చివరిదాకా చెప్పలేకపోయాను.

ఈ కాలం ఆడపిల్లలు కడుపు పోతే పోయిందని నలుగురిలో చెప్పుకుంటున్నారు, ఏడుస్తున్నారు... మా అమ్మకు ఆపాటి కూడా దొరకలేదు. మీ ఇళ్లలో అలా పోయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారా? వాళ్ల గురించి మీ అమ్మ ఎప్పుడైనా మాట్లాడిందా? ఉంటే ఇక్కడ రాయండి... నేను ఒక్కొక్కటీ చదువుతాను.