గుడివాడ మీసం, జపాను కారం

హాస్టల్ మిత్రులారా, ఒక నిండు మీసం నేలరాలిన దుర్వార్తను ఈ గోడకు అంటిస్తున్నందుకు మన్నించండి.

ఓడల్లో వంట చేసి జపాను చూసొచ్చిన ఖాదర్ మావయ్య ఈ రోజు బందరులో నూడుల్స్ హోటల్ తెరిచాడు. గుడివాడ నుంచి వచ్చిన మా బావను తీసుకెళ్లాను.

“కారం ఎంత వెయ్యమంటారండీ?” అన్నాడు మావయ్య.

“ఆవకాయతో అన్నప్రాసన చేసుకున్నోళ్లమండీ! ఉన్నదంతా వెయ్యండి. పెరుగడిగితే మీసం తీయించేస్తా” అన్నాడు బావ.

మొదటి ముద్దకే చెవులు ఎర్రబడ్డాయి. హోటలంతా తినడం మానేసి అతని మీసం వైపే చూసింది. కన్నీళ్లతోనే సగం గిన్నె లాగించాడు, గెలిచేవాడే. అంతలో మావయ్య ఇంకో గరిటె కారం వేశాడు. బావ “పెరుగు” అనేశాడు.

మంగలి షాపు నుంచి వచ్చాక నాతో మాట్లాడటం లేదు. తప్పెవరిదో మీరే తేల్చండి. సగం గిన్నె దగ్గర “ఎలా ఉందండీ?” అని మావయ్య అడిగితే, నోరు తెరవలేని బావ తరఫున “కాస్త చప్పగా ఉందట” అన్నాను, అంతే.