ఇటుక పడిన మర్నాటి కేకు

పదకొండో ఏడు వచ్చేదాకా నేను ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో పెరిగాను. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆ ఊరికి తిండి పెట్టిన నూలు మిల్లులు అప్పటికే మూతపడ్డాయి. పొగ రాని పొగగొట్టాలు, వాటి కింద గోడకు గోడ ఆనుకుని ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలు, ఎప్పుడూ వాన. బడి నుంచి వస్తూ పక్కింటి అమ్మాయీ నేనూ వెనిగర్ చల్లిన వేడి చిప్స్ పొట్లం కొనుక్కుని, దాంతో చేతులు కాచుకుంటూ తినేవాళ్ళం. దుకాణంలో ఆవిడ నన్ను "లవ్" అని పిలిచేది. అక్కడ వచ్చేపోయే అందర్నీ అలాగే పిలుస్తారని తెలియక, నేనంటే ప్రత్యేకమైన ముద్దు అనుకునేదాన్ని.

పక్కింటి అమ్మాయి నా ఈడుదే. మంచు పడిన రోజున వాళ్ళమ్మ వంటింట్లోంచి పెద్ద ట్రే తెచ్చి ఇస్తే, ఇద్దరం దాని మీద కూర్చుని మా వీధి వాలులో జారేవాళ్ళం. ఆ అమ్మాయికో అన్న ఉండేవాడు. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మాతో మాట్లాడేవాడు కాదు.

ఒక శీతకాలం శనివారం సాయంత్రం నేను ముందు గదిలో కార్పెట్ మీద బోర్లా పడుకుని బొమ్మ గీసుకుంటున్నాను. కిటికీ పగిలి ఇటుక వచ్చి గదిలో పడింది. నా కనుబొమ మీద గాజుముక్క గీరుకుంది. మేడమీద బట్టలు మడత పెడుతున్న అమ్మ పరిగెత్తుకొచ్చింది. నాన్న గాయానికి మందు రాసి, గాజంతా ఊడ్చి, కిటికీకి అట్ట అడ్డం పెట్టాడు. పోలీసు వచ్చి, పిల్లల పని అయ్యుంటుందని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పక్కింటావిడ వచ్చింది. చేతిలో తువ్వాలు కప్పిన కేకు, ఇంకా వేడిగా ఉంది. నన్ను దగ్గరికి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన వేసవిలోనే మేం ఆ ఊరు వదిలేశాం.

సికింద్రాబాద్‌లో నాన్నకి తెలిసినవాళ్ళ నర్సింగ్ హోమ్‌లో పని దొరికింది. కృష్ణా జిల్లా వాళ్ళమైన మాకు ఈ ఊళ్ళో చుట్టాలెవరూ లేరు. నాకు తెలుగు చదవడం వచ్చేది కాదు. బళ్ళో నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు నన్ను "దొరసాని" అని పిలిచేవారు. నా మాట యాసను నా ముందే అనుకరించి నవ్వేవారు. నేను ఏడుపు మింగి ఆ వానల ఊరిని తలుచుకునేదాన్ని. ఇంటి మీద ఎవరో ఇటుక వేసినా, మర్నాడే కేకు పట్టుకొచ్చే మనుషులున్న ఊరు. పెద్దయ్యాక కూడా ఆ కేకు సంగతి ఎంతమందికి చెప్పానో. పెళ్ళిచూపుల్లో మా ఆయనకి చెప్పిన మొదటి కబురు కూడా అదే.

నేనలా చెబుతున్నప్పుడల్లా అమ్మ ఏదో పనుందని లేచి వెళ్ళిపోయేది. నేను పట్టించుకోలేదు.

కిందటి చలికాలంలో ఆ పక్కింటి అమ్మాయి ఇండియా చూడడానికి వచ్చింది. ఫోన్‌లో నన్ను వెతికి పట్టుకుంది. విమానాశ్రయంలో ఇద్దరం ఒకర్నొకరం కావలించుకుని చిన్నపిల్లల్లా ఏడ్చాం. బన్సీలాల్‌పేట్ మెట్లబావికి తీసుకెళితే మెట్ల మీద కూర్చుని ఎన్నో ఫొటోలు తీసుకుంది. మధ్యాహ్నం యాప్రాల్‌లో మా ఫ్లాట్‌కి భోజనానికి తీసుకొచ్చాను. అమ్మ పొద్దున్నుంచీ నిలబడి వండింది. వంకాయ కూర, పప్పు, పులిహోర.

తింటూ తింటూ కబుర్లు ఆ ఊరి మీదికి మళ్ళాయి. నేను కేకు సంగతి ఎత్తాను. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మంచితనం గురించి చెప్పుకుంటూ పోయాను.

అది పులిహోరలో వేరుశనగ గింజ ఏరుకుంటూ, "పాపం మా అమ్మ, మా అన్నయ్య చేసిన పనికి ఆ రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే లేచి కేకు చేసింది" అంది.

"మీ అన్నయ్య ఏం చేశాడు?"

అది తలెత్తి నన్ను చూసింది. "ఆ ఇటుక వాడేగా వేసింది. నీకు తెలుసనుకున్నాను. వీధి మొత్తానికీ తెలుసు."

నేను కంచం పక్కకి జరిపాను.

"వాడి స్నేహితులు ఉసిగొల్పారు. చిన్నతనం. ఇప్పుడు చూస్తే నువ్వు నమ్మవు, ఎంత మంచివాడో. పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాడు" అని ఫోన్‌లో ఫొటో తీసి చూపించబోయింది.

అమ్మ దాని పక్కకి వచ్చి, "ఇంకొంచెం పప్పు వేసుకోమ్మా" అని ఇంగ్లీషులో అంది. వడ్డించింది. గొంతు ఏమీ మారలేదు.

మా ఆయన దాన్ని హోటల్లో దింపడానికి వెళ్ళాక, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"నీకు తెలుసా?"

"మేడమీద కిటికీలోంచి చూశానే. వాడు ఇటుక వేసి వాళ్ళ వీధి తలుపులోంచి లోపలికి దూరాడు."

"పోలీసుకి చెప్పలేదేం?"

"మీ నాన్నగారికి చెప్పాను. పక్కనే బతకాలి, ఎవరి మీద చెబుతాం అన్నారు. నీకు ఆడుకోడానికి ఆ పిల్ల తప్ప ఎవరున్నారక్కడ? మర్నాడు ఆవిడ కేకు తెస్తే, ఇప్పుడైనా చెబుతుందేమో అని ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. నిన్ను పట్టుకుని ఏడ్చింది, వెళ్ళిపోయింది."

"మరి ఆ కేకు తీసుకున్నావేం?"

"నువ్వు తింటానన్నావుగా" అంది అమ్మ. "నేను ముట్టుకోలేదు. మీ నాన్నగారూ ముట్టుకోలేదు."

నాన్న ఆ నర్సింగ్ హోమ్‌లో తనకంటే చిన్నవాడి కింద, తను చదివిన చదువుకి సంబంధం లేని పని చేస్తూనే చనిపోయాడు. ఆ దేశం ఎందుకు వదిలి వచ్చారని ఎవరైనా అడిగితే, "అక్కడి చలి మా ఆవిడకి పడలేదు" అనేవాడు. అమ్మ ఆ నింద అన్నేళ్ళూ మోసింది. చుట్టాలు ఆమె మొహం మీదే, నీవల్లే మీ ఆయన పైకి రాలేకపోయాడని అన్నారు. నేనూ విన్నాను.

మర్నాడు దాన్ని గోల్కొండకి తీసుకెళ్ళాల్సింది నేను. మా ఆయన నా మొహం చూసి, "నువ్వు ఇంట్లనే ఉండు. ఆమెను నేను తోల్కపోత. పరేషాన్ అయితే ఏమొస్తది" అన్నాడు. వద్దని నేనే వెళ్ళాను. కోట గోడ నీడలో కూర్చున్నప్పుడు అడిగాను.

"మీ అమ్మ మాతో ఎందుకు చెప్పలేదు?"

అది నిజంగానే కాసేపు ఆలోచించింది. "చెబితే ఏం మారేది? మీరు ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళే కదా. మేం అక్కడే ఉండాల్సినవాళ్ళం."

దాని మాటలో కోపం లేదు, ఎకసెక్కం లేదు. వాళ్ళింట్లో అందరూ ఎప్పుడో ఒప్పుకుని, అలవాటు చేసుకున్న మాట. నీళ్ళ సీసా నా చేతికిచ్చి, ఎండ ఎక్కువగా ఉంది, తాగు అంది. తాగాను.

తన ఊరికి చేరాక అది మెసేజ్ పెట్టింది. వాళ్ళన్న నన్ను అడిగాడని చెప్పమన్నాడట. ఈసారి వేసవిలో మీరంతా రండి, మా ఇంట్లోనే దిగండి అని రాసింది. అమ్మకి చదివి వినిపించాను.

"ఏం రాస్తావు?" అని అడిగింది అమ్మ.

"ఏమీ రాయను."

"సరే" అని చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చుంది. ఏళ్ళ తరబడి అడగని మాట నాకు అప్పుడు అడగాలనిపించింది. ఆ ఊళ్ళో నీకు నచ్చినది ఏదైనా ఉందా అని. అమ్మ చాలాసేపు గుర్తు చేసుకోడానికి ప్రయత్నించింది. చివరికి తల అడ్డంగా ఊపి, మిగిలిన కాయలు నా ముందుకి జరిపింది.