ముత్యాలమ్మ గుడిరాతి మీది శ్లోకం

మిర్యాలగూడలో మా బావ నర్సింగరావు బియ్యం మిల్లు గోడను ఆనుకుని ముత్యాలమ్మ గుడి ఉంది. గుడి ముందు నల్లరాతి పలక మీద ఒక సంస్కృత శ్లోకం చెక్కి ఉంటుంది. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, ఆ రాతిని ముట్టి కళ్లకద్దుకుంటారు. ఇది ఎక్కడిదని అడిగితే పూజారి తడుముకోకుండా ఒక పురాణం పేరు చెప్తాడు. అబద్ధం. అది ఏ పురాణంలోనూ లేదు. అది నేను రాశాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిల్లు ఆగినప్పుడు, చీటీ వెనకాల పెన్సిల్‌తో రాశాను.

నా గొప్ప తర్వాత చెప్పుకుంటాను. ఈ కథ సాయమ్మది. నేను చేసిందల్లా దాన్ని పాడు చేయడమే.

సాయమ్మ కుమ్మరామె. మా మిల్లు లేనప్పటి నుంచీ, ఆ జాగా అంతా తుమ్మచెట్లున్నప్పటి నుంచీ, వేపచెట్టు కింద ముత్యాలమ్మ రాయికి పూజ చేసేది వాళ్లింటి వాళ్లే. మా దిక్కు అది ఆచారం. కుమ్మరి చేసిన కుండలోనే బోనం, కుమ్మరి చేత్తోనే సాక. పసుపు నీళ్లలో వేపాకు, బెల్లం కలిపి తల్లికి పోసేదే సాక. పన్నెండేళ్ల పిల్లగా అత్తగారింటికి వచ్చిన నెలకే అత్త ఉప్పలమ్మ ఆ సాక చెంబు సాయమ్మ చేతిలో పెట్టిందట. అప్పటి నుంచి నలభై ఏళ్లు ఒక్క మంగళవారం తప్పలేదు.

ఆమె పూజ చూస్తే నాకు నవ్వొచ్చేది. మంత్రం లేదు, తంత్రం లేదు, ఒకటే పోట్లాట. రాయికి పసుపు రాస్తూ, "ఏందే, అటు మొకం పెట్టినవ్? నిన్న వాన కొట్టుమంటే గింతనా కొట్టేది? నా పచ్చి కుండలన్ని తడిసిపాయె, పుణ్యాత్మురాలా!" అనేది. మళ్లీ అంతలోనే కొంగుతో రాయి మొహం తుడిచి, బొట్టు సరిచేసి, వెనక్కి జరిగి ముచ్చటగా చూసుకునేది. మొగుడు లక్ష్మయ్య పోయినప్పుడు కూడా ఏడవడానికి ముందు అక్కడికే వెళ్లింది.

నా బిడ్డ గిరిజకు నాలుగేళ్లప్పుడు అమ్మవారు పోసింది. మా వాళ్లెవరూ గడప తొక్కలేదు. సొంత అక్క, నర్సింగరావు భార్య భాగ్యవతి కూడా వీధిలోనే నిలబడి పలకరించి పోయింది. సాయమ్మ మాత్రం పదకొండు రోజులు వేపమండలు పట్టుకుని వచ్చింది. పిల్ల పక్కన కూర్చుని, "దిగి పోవే తల్లీ, పసిదాని మీద నీకేం పంతమే" అని ముత్యాలమ్మను తిడుతూ బతిమాలుతూ గడిపింది. గిరిజ బతికింది. దేవత బతికించిందో, పిల్ల గట్టిదో నాకు తెలియదు. ఆ పదకొండు రోజులు మా ఇంట్లో మనిషి అలికిడి వినిపించింది సాయమ్మ వల్లనే. అది మాత్రం తెలుసు.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారిన మరుసటి ఏడు వడ్లు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. ఉడకబెట్టిన వడ్లు ఆరబోయడానికి గచ్చు చాలలేదు. బావ మిల్లు వెనక జాగా అంతా సిమెంటు చేయిద్దామన్నాడు. సరిగ్గా దాని నడుమనే ముత్యాలమ్మ. హమాలీలు అక్కడ పలుగు వేయడానికి ఒప్పుకోలేదు. బావ చెడ్డవాడు కాదు, దేవుడంటే హడలిపోయే మనిషి. కానీ ఏది దేవుడో, ఏది వట్టి రాయో తేల్చాల్సింది శాస్త్రం అనుకునే రకం. సూర్యాపేట నుంచి ఒక సిద్ధాంతిగారిని పిలిపించాడు.

సిద్ధాంతిగారు వేపచెట్టు కిందికి వచ్చి, శాలువా సవరించుకుని, "ఈ దేవత పేరు ఏ గ్రంథంలో ఉంది? ధ్యానశ్లోకం ఏది?" అని సాయమ్మను అడిగారు.

"నాకేం ఎరుకయ్యా గవన్ని? నాకు తల్లి ఎరుక" అంది సాయమ్మ.

నేను ఆగలేక, "స్వామీ, ఎవరు ఏ రూపంలో కొలిచినా ఆ పూజ చేరేది ఒక్కరికేనని పెద్దలు చెప్పారు గదా" అన్నాను.

"చెప్పారు. కానీ అలాగని దారిన పోయే ప్రతి రాయికీ గుడి కడతామా? పేరు కావాలి, ప్రమాణం కావాలి" అన్నారాయన. నిజానికి అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు.

బావ అందరి ముందూ తేల్చేశాడు. "పది దినాలు ఆగుత. ముత్యాలమ్మ పేరు శాస్త్రంల ఉన్నదని సూపెడితే గచ్చు మానుకుంట. గుడి గూడ కట్టిస్త. లేదంటే రాయిని పద్ధతిగ తీస్కపోయి వాడపల్లి సంగమంల కలుపుత. ఇగ ఎవ్వరు మాట్లాడొద్దు."

ఆ సాయంత్రమే సాయమ్మ మిల్లు అరుగు దగ్గరికి వచ్చింది. నేను కోమటింట పుట్టీ వ్యాపారం చేతకాని దద్దమ్మను. సూర్యాపేటలో కొట్టు మూతబడ్డాక, అక్క మొహం చూసి బావ నన్ను గుమాస్తాగా పెట్టుకున్నాడు. నాకు వచ్చింది ఒక్క సంస్కృతమే. రోజూ పొద్దుగూకే వేళ ఆ అరుగు మీద పురాణం చదివేవాణ్ణి. కైలాసం చెప్పాడంటే పుస్తకంలో ఉన్నట్టేనని మిల్లంతా నమ్మకం.

"అయ్యా, మా తల్లి నీ పుస్తకాలల్ల ఉన్నదా?" అంది. మణికట్టు దాకా ఎండిన మట్టి. ఎప్పుడూ గొంతు చించుకునే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడింది. "జర దేవులాడు అయ్యా. ఆమెను నీళ్లల్ల పారేస్తే నేను మంగళారం పొద్దుగాల లేసి ఏడికి పోవాలె?"

దేవులాడాను. ఒట్టు, ఎనిమిది రోజులు నిజాయితీగానే వెతికాను. నా దగ్గరున్నవి, అడిగి తెచ్చుకున్నవి, చెదలు తిన్నవి, అన్నీ తిరగేశాను. దుర్గ ఉంది, కాళి ఉంది, ఏడుగురు మాతృకలున్నారు. ముత్యాలమ్మ లేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మిల్లు చప్పుడు ఆగింది. వెనక నుంచి సాయమ్మ గొంతు వినిపించింది. మంగళవారం. "ఈ ఒక్క దినం మంచిగ తానం జెయ్యవే, మల్ల జేపిస్తనో లేదో" అంటోంది. పెన్సిల్ తీశాను.

గ్రామే గ్రామే స్థితా దేవీ శిలారూపా మహేశ్వరీ,
ముక్తామణిధరా మాతా ముత్యాలాంబేతి విశ్రుతా.

ఊరూరా రాతి రూపంలో ఉన్న దేవి, ముత్యాలు ధరించిన తల్లి, ముత్యాలాంబ అని పేరుపొందింది అని అర్థం. రాసి చూసుకుంటే, సిగ్గులేకుండా చెప్తున్నాను, మురిసిపోయాను. మర్నాడు సిద్ధాంతిగారి ముందు చదివి, "చిన్నప్పుడు మా గురువుగారి దగ్గరి తాళపత్రంలో చూసింది, ఇప్పుడు గుర్తొచ్చింది" అన్నాను. ఎక్కడ దొరికిపోతానో అని ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన కళ్లు మూసుకుని తలాడించి, "అవునవును. ఈ శ్లోకం నేనూ వాడపల్లిలో చూశాను. ఫలానా పురాణమే" అన్నారు. నేను నోరెళ్లబెట్టాను. గుమాస్తాకు తెలిసింది తనకు తెలియదనడం ఆయనకు నామోషీ మరి!

బావ మాట తప్పలేదు. గచ్చు పక్కకు జరిగింది, గుడి లేచింది. సాయమ్మ ఊరంతా తిరిగి చెప్పుకుంది: "మా తల్లి పుస్తకాలల్ల ఉన్నదట! నేను ఎన్నడన్న తక్కువ జేసిన్నా ఆమెకు?" నాకొక నీళ్ల కూజా చేసి తెచ్చింది, మెడ చుట్టూ వేపాకుల వరస గీసి. శిల్పి కొండల్ రాతి మీద శ్లోకం చెక్కుతూ, "కింద ఇంకో వరస జాగా మిగిలింది, ఏమన్న రాయాల్నా?" అని అడిగాడు. ఒక తామరపువ్వు చెక్కమన్నాను.

ప్రతిష్ఠ నాడు సాయమ్మ కొత్త చీర కట్టుకుని, సాక చెంబు పట్టుకుని, ఎప్పటిలాగే నేరుగా లోపలికి నడిచింది. కోదాడ నుంచి కుదుర్చుకొచ్చిన కొత్త పూజారి చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడే.

"అమ్మా, మీరు గడప అవతల నిలబడండి. శాస్త్రప్రకారం ప్రతిష్ఠ అయిన మూర్తిని అందరూ తాకకూడదండీ."

"అందరేంది? నేను" అంది సాయమ్మ.

సిద్ధాంతిగారు ముందుకొచ్చి, పురాణంలో ఉన్న దేవతకు పురాణోక్తంగానే పూజ జరగాలన్నారు. ఇక నుంచి కోడి లేదు, కల్లు లేదు, కుమ్మరి సాక లేదు. శ్లోకమే ప్రమాణమన్నారు. సాయమ్మ చుట్టూ చూసి నన్ను పట్టుకుంది. "అయ్యా, జర నువ్వు జెప్పు. నువ్వు సదివినోనివి గద."

నేను నేల చూపులు చూశాను. అవును, చూశాను. నిజం చెప్తే గుడి పోతుందనీ, నా కొలువు పోతుందనీ, పరువు పోతుందనీ ఒక్క క్షణంలో లెక్కలన్నీ వేసుకున్నాను. ఆమె చెంబు గడప మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుడి వైపు రాలేదు. బోనం కుండలు చేయడమే మానేసిందని తెలిసింది.

ఏడాది గడిచింది. మిల్లు పని మీద కోదాడ వెళ్లి, తిరుగు బస్సు కోసం ఒక రిటైరైన పంతులుగారింట కూర్చున్నాను. ఆయన అలమారలో అమ్మవారి పురాణం ఒకటి ఉంటే ఊరికే తిరగేశాను. ఊరూరా ఉండే దేవతలంతా ఆ మూలశక్తి అంశలేనని అందులో ఉంది. స్పష్టంగా ఉంది. అంతటితో ఆగలేదు. లోకంలోని ఆడవాళ్లంతా ఆమె అంశల అంశలే, ఆడదాన్ని అవమానిస్తే ఆ తల్లిని అవమానించినట్టే అని కూడా ఉంది. నేను ఇంకో పది రోజులు వెతికి ఉంటే దొరికేది. నా అబద్ధం అవసరమే లేదు. బస్సులో కూర్చుని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

మర్నాడే, పంతులుగారిని అడిగి తెచ్చుకున్న ఆ పుస్తకం పట్టుకుని బావనూ, ఏడాది పూజకు వచ్చి ఉన్న సిద్ధాంతిగారినీ గుడి దగ్గర కలిశాను. చదివి వినిపించాను. "సాయమ్మను ఆపడం తల్లిని ఆపడమే" అన్నాను.

సిద్ధాంతిగారు చిరునవ్వు నవ్వారు. "ఇది అందరు దేవతల గురించి చెప్పిన సామాన్య వచనం. మన రాతి మీదున్నది ముత్యాలాంబ పేరుతో ఉన్న విశేష వచనం. సామాన్యం కంటే విశేషానికే బలమెక్కువ, నీకు తెలియంది కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ విశేషం నేను రాసిందయ్యా! మిల్లు చీటీ వెనకాల రాసిన!" అని అరిచాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "గుమాస్తా రాసే శ్లోకమా అది? నేను వాడపల్లిలో కళ్లారా చూసిందయ్యా" అన్నారు సిద్ధాంతిగారు, జాలిగా. బావ నా భుజం మీద చెయ్యేసి, "కైలాసం, ఎండల తిరిగొచ్చినవ్. ఇంటికి పోయి జరసేపు పండుకో" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఊరి మధ్య నిలబడి చెప్పిన పెద్ద నిజం అదొక్కటే. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

అక్కడి నుంచి సాయమ్మ ఇంటికి వెళ్లాను. సారె ముందు కూర్చుని నీళ్ల కుండలు చేస్తోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. నేల మీదే కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. వెతికింది, దొరకనిది, పెన్సిల్, చీటీ, కోదాడ పుస్తకం, గడప దగ్గర నా మౌనం. ఏదీ దాచలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆమె సారె ఆగిపోయేదాకా చూసింది. ఆ తర్వాత చేతుల మట్టి గీసుకుంటూ అంది, "మా తల్లి కోసం రాసినవ్. మంచిగనే జేసినవయ్యా. కాని ఎట్లాగూ అబద్ధమే రాస్తివి గద. అండ్ల మా కుమ్మరోళ్ల ముచ్చట ఒక్కటి కలపకపోతివా?"

నిజమైన పురాణం దేవత గురించి చెప్తూ ఆడమనిషిని మరిచిపోలేదు. నేను, నా బిడ్డ మంచం పక్కన పదకొండు రోజులు కూర్చున్న మనిషి కోసం శ్లోకం రాయబోయి, ఆ మనిషినే మరిచిపోయాను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను. రైల్వే గేటు దాటేలోపు, అడగకుండానే, ఆనాడు రాయాల్సిన శ్లోకపాదం దానంతటదే వచ్చి నోట్లో నిలబడింది.

కుంభకారైః సదార్చితా. ఎప్పుడూ కుమ్మరుల చేతనే పూజలందుకునేది అని. ఎనిమిది అక్షరాలు, ఛందస్సు సరిగ్గా సరిపోయింది. రాతి మీద చోటు కూడా ఉండింది. అక్కడ ఇప్పుడు తామరపువ్వు ఉంది.