నల్లపూసలు వేసుకున్న రోజు

అక్క దగ్గర ఏ మగాడి ఆటలూ సాగేవి కావు. ఉప్పలగుప్తం రొయ్యల చెరువుల మీద పనికొచ్చినవాళ్లు ఆవిడ ఇంటికి వచ్చేవారు. నిరోధ్ వద్దన్నవాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి తోలేసేది. నేనూ ఒకప్పుడు అక్కలాగే ఆ పనిలో ఉన్నదాన్నే. ఇప్పుడు ఆడవాళ్లకు నిరోధ్‌లు పంచడం, వాళ్లను రక్తపరీక్షకు అమలాపురం తీసుకెళ్లడం నా ఉద్యోగం. కొత్తవాళ్లకు అక్కనే చూపించి బుద్ధి చెప్పేదాన్ని.

కానీ ఒకడున్నాడు. కొబ్బరికాయల లారీ డ్రైవరు. పెళ్లాం, పిల్లలు ఉన్నవాడే. అప్పనపల్లి తీసుకెళ్లి స్వామి ఎదుట అక్క మెళ్లో నల్లపూసలు వేశాడు. అతను వచ్చే రోజునే అక్క అవి వేసుకునేది. ఆ రోజు ఇంకెవరినీ రానిచ్చేది కాదు, నిరోధ్ మాట ఎత్తనిచ్చేది కాదు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"ఆయన్ని కూడా బేరానికొచ్చినోడి కింద జమకట్టేస్తావేంటే?" అని నా మీదే కస్సుమంది.

మాలో చాలామంది చేసే పొరపాటే ఇది. మొగుడనుకున్నవాడి దగ్గర జాగ్రత్తపడితే అవమానించినట్టు లెక్క. ఏం లెక్కో, మా ఖర్మ!

కిందటేడు పరీక్షలో అక్కకు హెచ్.ఐ.వి. ఉందని తేలింది. అక్క తన కోసం ఏడవలేదు.

"ఆయనకి నేనే అంటించేసేనేమోనే. ఆ పిల్లలకేం దారి?"

కాళ్లావేళ్లా పడి అతన్ని పరీక్షకు ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఆ రోజూ నల్లపూసలు వేసుకునే వచ్చింది. హెచ్.ఐ.వి. మందులిచ్చే సిస్టరుగారు అక్కను అతని భార్య అనుకున్నట్టున్నారు, అతన్ని చూడగానే పలకరించేశారు.

"ఏమండీ, చాన్నాళ్లయింది కనపడి. మందులు మానేసేరేంటండీ?"

అతను తల దించుకుని "ఆయ్" అన్నాడు.

అన్నీ తెలిసే వచ్చేవాడన్నమాట. చెప్పుతో కొడదామని లేచాను. అక్కే నా చెయ్యి పట్టుకుని ఆపింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత అతను అక్క గడప తొక్కలేదు. అక్క నెలనెలా తన మందులకు నాతో వస్తుంది. మాత్రలు సంచిలో వేసుకున్నాక కూడా కదలదు.

"ఆయన పట్టుకెళ్తన్నారాండీ?" అని అడుగుతుంది.

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదమ్మా," అంటారు సిస్టరుగారు.

"మందుల మాట వద్దులెండి. బతికున్నారో లేదో, అదొక్కటి చెప్పండి చాలు."